కాగితంపై 135 లీటర్లు... బిందెలో ఎన్ని?

మల్లన్నసాగర్‌ జలాశయం నుంచి 20 టీఎంసీల గోదావరి నీటిని హైదరాబాద్‌కు తరలించే పథకానికి 2025 సెప్టెంబరులో గండిపేట వద్ద శంకుస్థాపన జరిగింది. అంచనా వ్యయం 7,360 కోట్ల రూపాయలు. ఈ నీటిలో రెండున్నర టీఎంసీలను మూసీ పునరుజ్జీవనానికి, మిగిలిన 17.5 టీఎంసీలను నగర ప్రజల అవసరాలకు ఉద్దేశించారు. రోజువారీ లెక్కలోకి మారిస్తే ఇది సుమారు 30 కోట్ల గ్యాలన్లు. కృష్ణా మూడు దశల సామర్థ్యం కలిపితే 27 కోట్ల గ్యాలన్లే. అంటే రాబోతున్నది చిన్న ప్రవాహమేమీ కాదు.

నీరు వద్దనేవారు ఎవరూ ఉండరు. 1908 నాటి మూసీ వరదల దరిమిలా నిర్మించిన ఉస్మాన్‌సాగర్‌ 1920లో, హిమాయత్‌సాగర్‌ 1927లో అందుబాటులోకి వచ్చాయి. అప్పటినుంచి ఈ నగరం తరానికోసారి ఇంకాస్త దూరం వెళ్ళి నీరు తెచ్చుకుంటూనే ఉంది. 1965లో మంజీర, 1990ల తొలినాళ్ళలో సింగూరు, 2004లో కృష్ణా, 2015లో గోదావరి. కృష్ణా నీటిని వంద కిలోమీటర్లకు పైగా, గోదావరి నీటిని దాదాపు 186 కిలోమీటర్లు ఎత్తిపోతల మీద తేవలసి వస్తోంది. కొత్త పథకం ప్రారంభమైన నాడు కొరత తీరిందనుకోవడం, కొన్నేళ్ళకే వీధి మొగలో మళ్ళీ ఖాళీ బిందెల బారులు కనబడడం నగరవాసులకు అలవాటైపోయింది.

జనాభా పెరుగుతోంది కాబట్టి గిరాకీ పెరుగుతోందన్నది అధికారుల సమాధానం. అందులో నిజం లేకపోలేదు. కానీ తలలను లెక్కించి, ఒక్కో తలకు ఇన్ని లీటర్లని గుణించినంత మాత్రాన ఇంటి నీటి అవసరం తేలదు. ఒకే వీధిలో, ఒకే పైపు మీద, సరిగ్గా అంతే మంది ఉన్న రెండు ఇళ్ళలో ఒకటి రెండో దానికంటె నాలుగు రెట్లు నీరు వాడడం హైదరాబాద్‌లో వింత కాదు. ఆ తేడా ఎక్కడినుంచి వస్తోందో గుర్తించకపోతే 20 టీఎంసీలు వచ్చినా ఎండిన బిందె ఎండినట్లే ఉంటుంది, పొంగే సంపు పొంగుతూనే ఉంటుంది.

లెక్క ఎక్కడిది?

నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లన్నది కేంద్ర ప్రజారోగ్య, పర్యావరణ ఇంజినీరింగ్‌ సంస్థ నిర్దేశించిన ప్రమాణం. భూగర్భ మురుగునీటి వ్యవస్థ ఉన్న పట్టణాలకు ఇది వర్తిస్తుంది. మహానగరాలకైతే 150 లీటర్లు. మురుగునీటి వ్యవస్థ లేని పట్టణాలకు 70, వీధి కుళాయిల మీద ఆధారపడేవారికి 40 లీటర్లు చాలునని ఆ సంస్థే పేర్కొంది. ఇంజినీరింగ్‌ పాఠ్యగ్రంథాలు ఈ 135 లీటర్లను భారతీయ ప్రమాణాల ఆధారంగా ఇలా పంచి చూపుతాయి: స్నానానికి 55, మరుగుదొడ్డికి 30, బట్టలకు 20, ఇల్లు కడగడానికి 10, అంట్లకు 10, వంటకు 5, తాగడానికి 5.

ఈ పంపకాన్ని కాస్త నిదానంగా చూడాలి. దాహానికి, వంటకు కలిపి పోయేది పది లీటర్లే. మిగిలిన 125 లీటర్లూ ఒంటినో బట్టనో గిన్నెనో నేలనో శుభ్రం చేసి మురుగులో కలిసిపోయేవే. మురుగునీటి వ్యవస్థ ఉన్న చోట ప్రమాణం 70 నుంచి ఒక్కసారిగా 135కు పెరగడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. ఫ్లష్‌ మరుగుదొడ్డికి నీరు కావాలి. ఆ వ్యర్థం గొట్టాల్లో పేరుకోకుండా కొట్టుకుపోవాలన్నా నీరే కావాలి. నగరం తాగే నీటికంటె నగరాన్ని కడిగే నీరే అధికమన్నమాట.

పల్లెకు వస్తే లెక్క మారిపోతుంది. 2019లో మొదలైన జల్‌జీవన్‌ మిషన్‌ గ్రామీణులకు తలకు 55 లీటర్లు లక్ష్యంగా పెట్టుకుంది. తెలంగాణలో మిషన్‌ భగీరథ గ్రామాలకు 100, పురపాలికలకు 135, నగరపాలక సంస్థలకు 150 లీటర్ల చొప్పున రూపొందింది. పాలమూరు నుంచో నల్లగొండ నుంచో వలస వచ్చి నగరంలో మేస్త్రీ పనిచేసుకుంటున్న వ్యక్తి కాగితం మీద ఒక్క రాత్రిలో 50 లీటర్లు అదనంగా వాడుకునే మనిషిగా మారిపోతాడు. అతడు అద్దెకు దిగిన రేకుల గదికి ఆ 50 లీటర్లు చేరుతున్నాయా అన్నది మాత్రం ఏ పట్టికలోనూ కనబడదు.

ఇంటికో లెక్క... తలకో లెక్క

కుటుంబంలో ఎందరున్నారన్నది నీటి వాడకాన్ని నిర్ణయించే అంశాల్లో మొదటిది. ఇల్లు తుడిచేందుకు కావలసిన నీరు ఇద్దరున్నా ఆరుగురున్నా ఇంచుమించు ఒకటే. బియ్యం కడిగే నీరు, పెరట్లో మొక్కలకు పోసే నీరు, వాషింగ్‌ మెషిన్‌ ఒక విడతకు తీసుకునే నీరు మనుషుల సంఖ్యతో సమానంగా పెరగవు. అందువల్ల ఇంటి మొత్తం వాడకం పెద్ద కుటుంబంలో ఎక్కువైనా, తలసరి వాడకం చిన్న కుటుంబంలోనే ఎక్కువ. 2011 జనగణన నాటికే ప్రస్తుత తెలంగాణ ప్రాంతంలో 83 లక్షల కుటుంబాలు, మూడున్నర కోట్ల జనాభా ఉన్నాయి. అంటే కుటుంబానికి సగటున 4.2 మంది. ఒక ఉమ్మడి కుటుంబం విడిపోయి మూడు ఫ్లాట్లలో మూడు కాపురాలు పెడితే జనాభా ఒక్కరు కూడా పెరగరు. నీటి గిరాకీ మాత్రం పెరుగుతుంది. జనాభాను మాత్రమే చూసే అంచనాకు ఈ పెరుగుదల అందదు.

ఈ అంశాన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో ఉచిత నీటి పథకమే చెబుతుంది. నగరంలో గృహ వినియోగదారులకు నెలకు 20,000 లీటర్ల వరకు బిల్లు లేకుండా సరఫరా చేసే పథకం 2021 జనవరిలో ప్రారంభమైంది. నెలకు 20,000 అంటే రోజుకు 667 లీటర్లు. ఐదుగురున్న ఇంటికి తలకు 133 లీటర్లు వస్తాయి. ప్రమాణానికి దాదాపు సరిపోయింది. ముగ్గురే ఉన్న ఇంట్లో తలకు 222 లీటర్లు. ఇద్దరు ఉద్యోగులు మాత్రమే ఉండే ఫ్లాటులో ఏకంగా 333. అదే తాత, నాన్నమ్మలతో కలిసి ఎనిమిది మంది ఒకే నల్లా కింద బతుకుతున్న ఇంట్లో తలకు 83 లీటర్లే. ఇల్లు ఒక్కటే కొలమానమైనప్పుడు పెద్ద సంసారం తనకు తెలియకుండానే నష్టపోతుంది. వారు ప్రమాణం మేరకు 135 లీటర్ల చొప్పున వాడుకుంటే నెలకు 32,400 లీటర్లవుతుంది. అందులో 12,400 లీటర్లకు బిల్లు కట్టవలసిందే. ఇద్దరే ఉన్న ఇల్లు తలకు అంతకు రెట్టింపు పైగా వాడినా పైసా కట్టనక్కరలేదు. ఉచితం మంచిదా చెడ్డదా అన్న రాజకీయ వాదం ఎలా ఉన్నా, కొలత న్యాయంగా లేదన్నది కూడికలు, గుణకారాలు వచ్చిన ఎవరికైనా తెలుస్తుంది.

మురికివాడల్లోని కనెక్షన్లకు ఈ పథకం కింద మీటరు అవసరం లేదన్న మినహాయింపు ఇవ్వడం సమంజసమే. అయితే మీటరు లేనందున అక్కడి కుటుంబాలు నిజంగా ఎంత వాడుతున్నాయో, లేక ఎంత వాడలేకపోతున్నాయో తెలిసే మార్గమూ లేకుండా పోయింది.

డ్రమ్ము ఎంతో... వాడకం అంత

రెండో అంశం నీరు వచ్చే వేళ. దీని ప్రభావమే అన్నింటికంటె పెద్దదని చెప్పాలి. నగరంలో చాలా ప్రాంతాలకు నల్లా నీరు రోజు విడిచి రోజు, గంటో రెండు గంటలో వస్తుంది. ఆ కాస్త సమయంలో పట్టుకున్నదే రెండు రోజులకు ఆధారం. కనుక ఇంటి వాడకాన్ని నిర్ణయించేది ఆ ఇంటివారి అవసరం కాదు, వారి వద్ద ఉన్న పాత్రల పరిమాణం.

ఒక్క గదిలో ఐదుగురు ఉంటున్న ఇంటిని తీసుకుందాం. గుమ్మం పక్కన 200 లీటర్ల నీలిరంగు ప్లాస్టిక్‌ డ్రమ్ము ఒకటి, పదిహేను లీటర్లు పట్టే బిందెలు పది. అన్నీ నింపితే 350 లీటర్లు. రెండు రోజులు, ఐదుగురు. తలకు రోజుకు 35 లీటర్లు. నీరు వస్తున్నంతసేపూ గబగబా బట్టలు ఉతికేసుకుంటే, పిల్లలకు తలంట్లు పోసేస్తే మరికొంత వాడినట్లు. పైపులో ఎంత నీరు ఉన్నా, జలాశయంలో ఎంత ఉన్నా ఈ ఇంటి వాడకం ఇంతకు మించి కదలదు. ఇంకో డ్రమ్ము కొనే డబ్బు ఉన్నా పెట్టే చోటు ఉండదు. ఆ పక్కనే రెండంతస్తుల భవనానికి 5,000 లీటర్ల సంపు, మేడ మీద 1,000 లీటర్ల ట్యాంకు ఉంటాయి. నల్లా వచ్చిన గంటలోనే సంపు నిండిపోతుంది. ఆ ఇంటివారి దృష్టిలో నీరు రోజు విడిచి రోజు రావడం లేదు, ఇరవై నాలుగు గంటలూ వస్తోంది. ఎండాకాలంలో ‘మాకేం ఇబ్బంది లేదండీ’ అనే మాట సంపు ఉన్న ఇంటి నుంచే వినబడుతుంది.

సంపుకు పైపు మీదనే మోటారు బిగించి లాగేవారి వల్ల మరో చిక్కు. ఇది నిబంధనలకు విరుద్ధం. అయినా ఒక ఇంట్లో మోటారు ఆన్‌ అయితే దాని కింది ఇళ్ళలో నల్లా ధార దారమంత అవుతుంది. వారూ మోటారు కొంటారు. వీధి చివరి ఇంటికి గాలి శబ్దం మిగులుతుంది. చివరి ఇంటివారి అవసరం తగ్గిందని దీనికి అర్థమా? వాడకం గణాంకాలు మాత్రం అలాగే చెబుతాయి.

అరకొర సరఫరా పొదుపు నేర్పుతుందన్న నమ్మకం కొందరు ఇంజినీర్లలోనూ ఉంది. ఇది పూర్తిగా సరికాదు. కొత్త నీరు రాగానే పాచి పట్టిందనో, పురుగు పడుతుందనో నిన్నటి మిగులును వాకిట్లో పారబోయడం మన ఇళ్ళలో నిత్యం జరిగేదే. సంపులో తేలియాడే వాల్వు లేకపోతే నిండిన తరువాత రోడ్డు మీద కాలువ కడుతుంది. తెల్లవారుజామున మూడు గంటలకు నీరు వదిలే బస్తీల్లో నల్లా తిప్పి ఉంచి నిద్రపోయేవారూ ఉంటారు, శబ్దానికి మెలకువ వస్తుందని. అనిశ్చితి ఉన్న చోట పేద ఇల్లు అవసరానికంటె తక్కువ వాడుతుంది. నిల్వకు చోటున్న ఇల్లు అవసరానికంటె ఎక్కువ పట్టుకుంటుంది.

ఇది మన ఒక్క నగరానికి పరిమితమైన అనుభవం కాదు. కెన్యా, ఉగాండా, టాంజానియా దేశాల్లో గృహాల నీటి వాడకంపై 1972లో వెలువడిన ‘డ్రాయర్స్‌ ఆఫ్‌ వాటర్‌’ అధ్యయనం ఈ రంగంలో తొలి సమగ్ర ప్రయత్నమని పేరు పొందింది. మూడు దశాబ్దాల తరువాత అవే ప్రాంతాలను పరిశోధకులు మళ్ళీ చూసినప్పుడు, పైపు కనెక్షన్‌ ఉన్న ఇళ్ళలో తలసరి వాడకం ఇంచుమించు సగానికి పడిపోయినట్లు తేలింది. కనెక్షన్లు ఉన్నాయి, వాటిలో నమ్మకంగా నీరు వచ్చే రోజులు పోయాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో ప్రచురించిన సమీక్ష కూడా ఇదే దారిలో ఉంది. నీరు తెచ్చుకునేందుకు రానుపోను అరగంట దాటితే వాడకం కనీస స్థాయికంటె దిగజారుతుంది. ఐదు నిమిషాలకూ అరగంటకూ మధ్య ఎంత దూరమున్నా వాడకంలో పెద్ద మార్పు ఉండదు. ఇంటి ఆవరణలోకి నల్లా వచ్చిన క్షణంలోనే అది ఒక్కసారి పెరుగుతుంది.

ఆ అరగంట ఎవరిదన్నది వేరే చెప్పనక్కరలేదు. నల్లా వేళ తెలియని బస్తీలో ఇంటి ఇల్లాలో, బడికి వెళ్ళవలసిన ఆడపిల్లో కాపలా ఉండాలి. ఇళ్ళలో పనికి వెళ్ళే మహిళ నీటి కోసం ఆగితే ఆ పూట జీతం కోత పడుతుంది. ఆమె కుటుంబం వాడే ప్రతి బిందెకు ఆ కోత కూడా ధరలో భాగమే. జలమండలి బిల్లులో ఆ గడి ఉండదు.

బోరు ఎండితే నల్లాపై భారం

మూడోది ఇంటి నిర్మాణం. బకెట్టుతో స్నానం చేస్తే 15 నుంచి 20 లీటర్లతో ముగుస్తుంది. నిమిషానికి పది లీటర్లు పోసే షవరు కింద ఎనిమిది నిమిషాలు నిలబడితే 80 లీటర్లు. పాత పద్ధతి ఫ్లష్‌ తొట్టి ఒక్కసారికి పది లీటర్లు వదులుతుంది. రోజుకు ఐదుసార్లు చొప్పున నలుగురున్న ఇంట్లో అది 200 లీటర్లు. ఆరు, మూడు లీటర్ల రెండు మీటలున్న కొత్త తొట్టి అమర్చుకుంటే అదే పని 72 లీటర్లతో అవుతుంది. ఈ ఒక్క మార్పుతో రోజుకు 128 లీటర్లు, అంటే దాదాపు ఒక మనిషి ప్రమాణమంత, ఆ ఇంట్లో మిగిలిపోతుంది. ఇక తాగునీటి శుద్ధి యంత్రం లీటరు మంచినీటి కోసం రెండు మూడు లీటర్లను గొట్టం గుండా బయటికి నెడుతుంది. లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉన్న చోట ఈ యంత్రాలు వద్దని, మిగతా చోట్ల కనీసం 60 శాతం నీరు తిరిగి దక్కేలా చూడాలని జాతీయ హరిత ట్రైబ్యునల్‌ 2019 మే నెలలో ఆదేశించింది. శుద్ధి చేసి పంపిన నల్లా నీటినే మళ్ళీ ఈ యంత్రంలో పోసే ఇళ్ళు మన చుట్టూ కోకొల్లలు.

ఆదాయం పెరిగితే నీటి వాడకం పెరుగుతుందని అంటారు. నిజానికి ఆదాయం నేరుగా నీరు తాగదు. అది షవరుగా, మూడు స్నానాల గదులుగా, కారుగా, చిన్న పచ్చికగా మారి నీరు తాగుతుంది. ఒకసారి గోడలో అమరిన గొట్టం ఇంకో ముప్పై ఏళ్ళు అలాగే వాడిస్తుంది. అందుకే కొత్త భవనానికి అనుమతి ఇచ్చేనాడే ఏ తొట్టి, ఏ కుళాయి అన్నది తేలాలి. తరువాత గోడల మీద పొదుపు నినాదాలు రాసి ప్రయోజనం ఉండదు.

పశ్చిమ శివార్లలో కథ మరోలా ఉంది. మాదాపూర్‌, కొండాపూర్‌, మణికొండ, నిజాంపేట ప్రాంతాల్లో అపార్ట్‌మెంట్లు పెరిగిన వేగాన్ని పైపులైన్లు అందుకోలేదు. ఆ లోటును ఇన్నాళ్ళు బోర్లు పూడ్చాయి. హైదరాబాద్‌ నేల కింద ఉన్నది గ్రానైట్‌ శిల. నీరు నిలిచేది పైనున్న శిథిల శిలా పొరలోనూ, లోతు పగుళ్ళలోనూ మాత్రమే. వానాకాలం బాగుంటే నిండుతుంది, వేసవికి ఖాళీ అవుతుంది. 2002 నాటి వాల్టా చట్టం ఇంకుడు గుంతల గురించి, బోర్ల అనుమతుల గురించి చెప్పవలసినదంతా చెప్పింది. కాంక్రీటు పరచిన ఆవరణలో గుంత తవ్వే చోటు మిగిలిందా అని ఎవరూ అడగలేదు.

బోరు నీటికి మీటరు లేదు, బిల్లు లేదు. అందువల్ల నగర గృహాలు మొత్తం ఎంత నీరు వాడుతున్నాయో కచ్చితంగా తెలిసినవారు లేరు. 2024 వేసవిలో ఏం జరిగిందో గుర్తుచేసుకుంటే ఈ లోపం అర్థమవుతుంది. బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల బుకింగులు మునుపెన్నడూ లేనంతగా పెరిగాయి. నగరం హఠాత్తుగా ఎక్కువ నీరు వాడడం మొదలుపెట్టిందని పట్టికలు చూసినవారికి అనిపిస్తుంది. కూలర్లకు, రెండో పూట స్నానాలకు కొంత అదనంగా అవసరమైన మాట నిజమే. కానీ పెరుగుదలలో ప్రధాన భాగం అంతవరకు లెక్కకు ఎక్కని బోరు నీరు ట్యాంకరు రూపంలో లెక్కలోకి రావడమే. గిరాకీ ఎప్పుడూ ఉన్నదే, పుస్తకం మారింది.

బిల్లు ఎవరు కడతారు?

ధర పెంచితే వాడకం తగ్గుతుందా అన్నది ఆర్థికవేత్తల పాత చర్చ. వివిధ దేశాల అధ్యయనాల సారాంశం ఏమిటంటే, తగ్గుతుంది కానీ పెంచినంతగా తగ్గదు. తాగే నీరు, వండే నీరు తగ్గించుకోలేనివి. పచ్చిక, కారు కడగడం తగ్గించుకోగలిగినవి. అవి ఉన్న ఇంటికి నీటి బిల్లు ఇంటి ఖర్చులో లెక్కలోకి రానంత చిన్నది.

అసలు ధర ఇంటివారికి తెలిస్తే గదా ప్రభావం ఉండేది. అపార్ట్‌మెంటు మొత్తానికి ఒకే కనెక్షన్‌, ఒకే మీటరు. వచ్చిన బిల్లును, ట్యాంకర్ల ఖర్చును నిర్వహణ రుసుములో కలిపి ఫ్లాటుకు ఇంతని సమానంగానో, చదరపు అడుగుల చొప్పునో పంచుతారు. ఒంటరిగా ఉండే వృద్ధురాలు, ఐదుగురున్న కుటుంబం ఒకే మొత్తం కడతారు. పొదుపు చేసినవారికి ఒరిగేదేమీ లేదు, వృథా చేసినవారికి పోయేదేమీ లేదు. ఇలాంటి చోట అర్ధరాత్రి కారుతున్న తొట్టి గురించి పట్టించుకునేది వాచ్‌మన్‌ ఒక్కడే, మోటారు వేయవలసింది అతడే గనుక. ఫ్లాటుకొక మీటరు పెట్టుకున్న సముదాయాల్లో కొట్లాటలు తగ్గాయో పెరిగాయో గానీ, కారే కుళాయిలు త్వరగా బాగవుతాయి.

మరో చివర చూద్దాం. ఉచిత పథకానికి ముందు గృహ వినియోగదారులకు తొలి శ్లాబులో వెయ్యి లీటర్ల నల్లా నీరు సుమారు పది రూపాయలు. జలమండలి 5,000 లీటర్ల ట్యాంకరుకు 2024లో గృహ వినియోగదారుల వద్ద తీసుకున్నది 500 రూపాయలు. అంటే వెయ్యి లీటర్లకు వంద. ప్రైవేటు ట్యాంకరు వేసవిలో అంతకంటె చాలా ఎక్కువ. నలుగురున్న కుటుంబం తలకు వంద లీటర్లతో సరిపెట్టుకున్నా నెలకు 12,000 లీటర్లు కావాలి. నల్లా ఉంటే అది ఉచితం. ట్యాంకరైతే, అదీ జలమండలిదైతే, 1,200 రూపాయలు. పైపు చేరని శివారు కాలనీలో చిన్న ఇల్లు కట్టుకున్న బడి పంతులో, దుకాణం గుమాస్తానో ఈ 1,200 కడుతుంటాడు. నగరం నడిబొడ్డున మూడు స్నానాల గదుల ఇంట్లో ముగ్గురు ఉచితంగా వాడుకుంటారు. ధర వాడకాన్ని అదుపు చేస్తున్న మాట వాస్తవమే. అదుపు చేయనక్కరలేని ఇంట్లో చేస్తోంది.

అద్దె ఇళ్ళవారి పరిస్థితి ఈ రెండింటి మధ్య ఊగుతుంది. కనెక్షన్‌, ఆధార్‌ అనుసంధానం అన్నీ యజమాని పేరిట. మోటారు మీట యజమాని చేతిలో. ఉదయం ఆరు నుంచి ఏడు వరకే పైట్యాంకు నీరు వదిలే ఇళ్ళు, బంధువులు వస్తే నీళ్ళెక్కువ అవుతాయని ముఖం మాడ్చుకునే యజమానులు ఈ నగరంలో అద్దెకున్న ప్రతివారికీ అనుభవమే. ఉచిత నీటి ప్రయోజనం అద్దె తగ్గే రూపంలో తమ దాకా వచ్చిందని చెప్పే కిరాయిదారు అరుదు.

లెక్క తేలాలంటే

గోదావరి రెండో దశ గొట్టాలు పూర్తయ్యేలోగా చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. వీటికి వేల కోట్లు అక్కరలేదు. సెక్షన్ల వారీగా ఎంత నీరు వదిలారు, ఎన్ని గంటలు వదిలారు అన్నది ప్రతి నెలా ప్రజల ముందు పెట్టాలి. జలాశయంలో బయలుదేరిన నీటిలో గణనీయమైన భాగం ఇంటి మీటరుకు చేరకుండానే కారిపోతోందని జలమండలి తానే ఒప్పుకుంటోంది. ఏ వీధిలో కారుతోందో వీధివారికి తెలియాలి. ఉచిత పరిమితిని ఇంటికి బదులు తలకు లెక్కగట్టడం కష్టమేమీ కాదు. రేషన్‌ బియ్యం ఇచ్చేది తలల లెక్కనే. సంపు కట్టుకునే చోటులేని బస్తీలకు వీధికొక ఉమ్మడి ట్యాంకు కట్టి ఇరవై నాలుగు గంటలూ కుళాయి తిప్పుకునే వీలు కల్పిస్తే, ఆ ఐదుగురి ఇంట్లో 35 లీటర్లు 70 అవుతుంది. ఇందువల్ల నగరం మొత్తం గిరాకీ పెరిగినట్లు పట్టికలో కనబడుతుంది. కనబడనివ్వాలి. అది ఇంతకాలం అణగిపోయి ఉన్న అవసరం.

కొత్త అపార్ట్‌మెంట్లకు ఫ్లాటుకొక మీటరు లేనిదే కనెక్షన్‌ ఇవ్వరాదన్న నియమాన్ని గట్టిగా అమలు చేయడం మరొకటి. పాతవాటిలో గొట్టాల అమరిక వల్ల ఇది కష్టం, ఖర్చుతో కూడినది. ప్రతి స్నానాల గదికీ వేర్వేరుగా గొట్టాలు దిగిన భవనంలో ఒక్కో ఫ్లాటుకు మూడు నాలుగు మీటర్లు పెట్టవలసి వస్తుంది. ఆ ఖర్చు ఎవరు భరించాలన్న చర్చ ఇప్పుడే మొదలైతే మంచిది.

ఇవన్నీ తేలడానికి ముందు ఒక చిన్న సంఖ్య తేలాలి. నగరంలో ఎన్ని కుటుంబాలు, కుటుంబానికి ఎందరు? ఇప్పటి పథకాలన్నీ 2011 జనగణనను పట్టుకుని, దానికి ఏటా కొంత శాతం కలుపుకుంటూ వేసిన అంచనాలే. 2021లో జరగవలసిన లెక్క వాయిదా పడింది. 2027 జనగణనలో భాగమైన ఇళ్ళ గణనను 2026 ఏప్రిల్‌, సెప్టెంబరు నెలల మధ్య చేపడతామని కేంద్రం ప్రకటించింది. ఇంట్లో ఎందరున్నారు, తాగునీరు ఎక్కడినుంచి వస్తుంది, అది ఆవరణలో ఉందా, దూరంగా ఉందా అన్న ప్రశ్నలు 2011 నాటి గణనలో ఉన్నాయి. ఆ పత్రంలో రోజుకు ఎన్ని గంటలు వస్తుందన్న ప్రశ్న లేదు. కేంద్రం అడగకపోయినా జలమండలి తన లైన్‌మన్లను పంపి అడిగించుకోవచ్చు. ఏ వీధికి నీరు ఎప్పుడు వదిలేదీ, ఏ ఇంట్లో డ్రమ్ము ఉందీ, ఏ ఇంట్లో సంపు ఉందీ వారికి ఇప్పటికే కంఠస్థం.